ఒక అణా, ఒక వేలిముద్ర, ఒక బిడ్డ

హైదరాబాద్ వైద్యచరిత్ర అనగానే అందరూ రోనాల్డ్ రాస్‌ను తలుచుకుంటారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో ఆయన దోమ కడుపులో మలేరియా క్రిమిని చూశాడు. మలేరియా మీద చేసిన పనికి 1902లో నోబెల్ వచ్చింది. నల్లకుంట ఫీవర్ దవాఖానకు ఆయన పేరే పెట్టారు. మరి ఆ దోమ తాగింది ఎవరి నెత్తురు? హుసేన్ ఖాన్ అనే రోగిది. కుట్టిన ఒక్కో దోమకు ఒక్కో అణా ఇచ్చారు. మేము బడిలో చదివిన పాఠంలో రాస్ ఉన్నాడు, దోమ ఉంది, హుసేన్ ఖాన్ లేడు. జ్ఞానం ఒకరిది, ఒళ్లు ఇంకొకరిది అనే ఈ పంపకం గురించే మా ప్రశ్న.

ఈ ప్రశ్న మాకు గ్రంథాలయంలో పుట్టలేదు, పాతబస్తీలో పుట్టింది. గౌలిపురా దగ్గరి ఒక మాదిగ బస్తీలో తొమ్మిదేళ్ల పిల్లకు గొంతునొప్పి, జ్వరం వచ్చి తగ్గాయి. కొన్ని వారాలకు పిల్ల తీరు మారింది. ఊరికే చేతులు కడుక్కోవడం, రాత్రిళ్లు ఉలిక్కిపడటం, కనురెప్పలు టపటపా కొట్టుకోవడం. పలక మీద అక్షరం వంకర్లు పోయింది. గాలి సోకిందని కొందరన్నారు. దర్గాకు పోయి తావీజు కట్టించారు. చివరకు ఒక పెద్ద దవాఖానకు పోతే, ‘పరిశోధనలో చేర్పిస్తారా’ అని ఇంగ్లీషు కాగితాలు చేతిలో పెట్టారు. తల్లి మా దగ్గరికి తెచ్చి ఒక్కటే అడిగింది: “తమ్మీ, నేను సంతకం పెట్టకుంటే నా బిడ్డకు మందు ఇయ్యరా?”

ముందు జబ్బు సంగతి చెప్పాలి. అంటువ్యాధి తర్వాత మెదడు, మనసు చెదరడం కొత్త కాదు. చేతులు కాళ్లు తమంతట తాము కదిలే ‘కొరియా’ను ఇంగ్లండ్ వైద్యుడు సిడెన్‌హామ్ 1686లోనే వర్ణించాడు. గొంతులో చేరిన స్ట్రెప్టోకాకస్ క్రిమితో పోరాడే క్రమంలో ఒంటి రక్షణ వ్యవస్థ దారితప్పి గుండె కవాటాలనూ మెదడులో కదలికలను అదుపు చేసే భాగాన్నీ దెబ్బతీస్తుందని తర్వాత తేలింది. ఈ రుమాటిక్ జ్వరం ఇరుకు ఇళ్ల జబ్బు. ఒకే గదిలో ఆరుగురు పడుకునే చోట క్రిమి ఒకరి నుంచి ఒకరికి సులువుగా పాకుతుంది. ఆ ఇరుకు ఎవరి వాటాకు వచ్చిందో కులం చెబుతుంది.

1998లో అమెరికాలో సూసన్ స్వీడో బృందం 50 మంది పిల్లలను వర్ణించి, స్ట్రెప్టోకాకస్ తర్వాత హఠాత్తుగా వచ్చే చాదస్తపు ఆలోచనలకు, కనురెప్పల కొట్టుకోవడం వంటి అసంకల్పిత కదలికలకు ‘పాండాస్’ అని పేరు పెట్టింది. వాదం నేటికీ తెగలేదు. 2016లో ప్రచురించిన ఒక ప్రయోగంలో 35 మంది పిల్లల్లో కొందరికి ఇమ్యునోగ్లోబులిన్, కొందరికి మందు లేని ద్రావణం ఎక్కించి చూస్తే స్పష్టమైన తేడా కనబడలేదు. కాబట్టి పరిశోధన కావాలి. మన పిల్లలు అందులో లేకపోతే మన పిల్లల జబ్బు పుస్తకానికి ఎక్కదు, తావీజు దగ్గరే ఆగిపోతుంది. పట్టించుకోని జబ్బు ఏం చేస్తుందో 2003 ఎండాకాలం చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో మెదడువాపుతో 329 మంది పిల్లలు పడిపోతే 183 మంది చనిపోయారు. దానికి కారణమని చెప్పిన చాందీపుర వైరస్‌ను 1965లోనే నాగపూర్ దగ్గర కనుక్కున్నారు. దాదాపు నలభై ఏళ్ల తర్వాత కూడా దానికి మందు లేదు, టీకా లేదు.

అయితే పరిశోధన పేరిట ఏం జరిగిందో కూడా మరచిపోలేము. 2009లో ఖమ్మం జిల్లాలోని భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10–14 ఏళ్ల బాలికలు దాదాపు 14,000 మందికి ‘ప్రదర్శన ప్రాజెక్టు’ పేరిట హెచ్‌పీవీ టీకా వేశారు. అందులో ఆదివాసీ పిల్లలు, హాస్టల్ పిల్లలు ఎందరో. 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. బాలికల మరణాలకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ సంఘం అన్నది. సరే, ఒప్పుకుందాం. కానీ 2013 నాటి పార్లమెంటరీ సంఘం నివేదిక చూడండి: రాష్ట్రంలోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలు, 2,763 మీద వార్డెన్ల, హెడ్‌మాస్టర్ల సంతకాలు. కన్నతల్లి ఊర్లో ఉండగా వార్డెన్ ఎట్లా తల్లి అయ్యాడు?

వేలిముద్ర మనవాళ్ల తెలివితక్కువతనం కాదు, బడి మూసిన చరిత్ర. ఆ తలుపు తెరవడానికే భాగ్యరెడ్డివర్మ 1910లో ఇసామియా బజార్, లింగంపల్లిలో బడులు పెట్టాడు. అక్షరం ఉద్యోగానికే కాదు, కాగితం మీద ఏముందో తెలిసి ‘ఔను’, ‘కాదు’ అనడానికి కూడా.

నేడు నియమాలు ఉన్నాయి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం తల్లిదండ్రుల అంగీకారం ఒక్కటే చాలదు. 7–12 ఏళ్ల పిల్లల ఒప్పుకోలు నోటిమాటగా, 12–18 ఏళ్లవాళ్లది రాతలో తీసుకోవాలి. వద్దన్నందుకు మామూలు చికిత్స ఆగకూడదు. మందుల ప్రయోగాల్లో హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నియమాలు చెబుతున్నాయి. కాని నియమం కాగితం మీద ఉండటం వేరు, బస్తీ తల్లి నోట్లో ప్రశ్నగా ఉండటం వేరు.

ఆ తల్లితో కలిసి మేము దవాఖానకు పోయాము. తెలుగు కాగితం అడిగాము. లేదన్నారు. రెండు వారాలకు వచ్చింది. అరుగు మీద కూర్చుని పిల్ల ముందరే చదివాము: గొంతు పరీక్ష, నెత్తురు, వెన్నులోంచి నీరు. “ఈపుల సూది నాకొద్దు” అన్నది పిల్ల. తల్లి మొదటి రెంటికీ ఒప్పుకుని మూడోదానికి ఒప్పుకోలేదు. డాక్టరు మొహం చిట్లించాడు, కానీ రాసుకున్నాడు. వైద్యం ఆగలేదు.

హుసేన్ ఖాన్‌ను ఎవరేం అడిగారో మేము చదివిన పాఠం చెప్పలేదు. ఈ పిల్లను మాత్రం అడిగారు, ఆమె చెప్పింది, అది కాగితం మీదికి ఎక్కింది. పరిశోధనకు మన పిల్లలను పంపాలా వద్దా అని అడిగేవాళ్లకు మా జవాబు ఇదే: అడిగే నోరుతో పంపండి, ఉత్త ఒంటితో పంపకండి.