డాల్డా డబ్బాలో వేరుశనగ నూనె

అనంతపురం ఎర్రనేలల్లో పండే వేరుశనగ బుడ్డల నూనెలో దాదాపు సగం ఓలిక్ ఆమ్లమే. ఆలివ్ నూనెకు గుండెకు మంచిదన్న పేరు తెచ్చినదీ ఈ కొవ్వే. నెయ్యి, వెన్న తగ్గించి ఆ మేరకు ఇలాంటి నూనె వాడితే చెడు కొలెస్ట్రాల్ దిగుతుంది. అంత మంచి నూనెను దశాబ్దాల పాటు మనం చెడగొట్టుకుని మరీ తిన్నాం.

దీనికి మూలం జర్మనీలో ఉంది. నూనెను వేడిచేసి, నికెల్ పొడి కలిపి, హైడ్రోజన్ వాయువు ఎక్కిస్తే నెయ్యిలా పేరుకుంటుంది. ఈ పద్ధతికి 1902లో విల్‌హెల్మ్ నార్మన్ పేటెంట్ తీసుకున్నాడు. ఇలా పేరుకున్న నూనెనే మన దేశంలో వనస్పతి అంటారు. 1937లో డాల్డా అనే వనస్పతి వచ్చింది. నెయ్యి కొనే స్తోమత లేని ఇళ్లలో పండగ పిండివంటలకు అదే దిక్కయింది. చాలాకాలం వనస్పతికి ప్రధాన ముడిసరుకు వేరుశనగ నూనే.

వనస్పతిని గాంధీజీ గట్టిగా వ్యతిరేకించారు. ప్రభుత్వానికి మాత్రం నెయ్యిలో కల్తీ మీదే దిగులు. అందుకే వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె తప్పనిసరిగా కలపాలన్నారు. అనుమానం వచ్చిన నెయ్యిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త పంచదార వేసి కలిపితే నువ్వుల నూనె గులాబీ రంగు తేలి కల్తీని పట్టిస్తుంది. ఎంత తెలివైన ఉపాయం! కానీ డబ్బాలోని అసలు ముప్పును ఏ రంగూ పట్టివ్వలేదు. హైడ్రోజన్ ఎక్కించే క్రమంలో కొంత కొవ్వు ట్రాన్స్ కొవ్వుగా మారుతుంది. అది చెడు కొలెస్ట్రాల్‌ను పెంచుతూనే మంచిదాన్ని తగ్గిస్తుందని 1990లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు మెన్సింక్, కతాన్ తేల్చారు. మన దేశంలో నూనెలు, వనస్పతిలో దానికి 2 శాతం పరిమితి అమలయ్యేసరికి 2022 వచ్చింది. ఇంత ఆలస్యం క్షమించరానిది.

మామూలు వేరుశనగ నూనెకు ఈ దోషం లేదు. అలాగని దాన్ని మందు అనుకోకూడదు. స్పెయిన్‌లో జరిగిన ప్రెడిమెడ్ అధ్యయనంలో మధ్యధరా భోజనంతో పాటు రోజూ 30 గ్రాముల అక్రోటు, బాదం, హేజెల్ గింజలు తీసుకున్నవారిలో గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి పోలిక బృందం కన్నా సుమారు 28 శాతం తక్కువ. బృందాలుగా పంచడంలో లోపాలు బయటపడి 2018లో లెక్కలు మళ్లీ వేసినా ఫలితం నిలిచింది. వాళ్లు తిన్నది గింజలు, గింజల నూనె కాదు. మన గానుగలో నూనె కారిపోయాక పీచు, మాంసకృత్తులు చాలావరకు చెక్కలోనే ఉండిపోతాయి. ఆ చెక్క పశువుల దాణాకు పోతుంది.