ముక్కు నెత్తురు: ‘వేడి చేసింది’ అనే మాటకు వెనక చరిత్ర

ముక్కులోంచి కారే రక్తం నూటికి తొంభై సార్లు ఒకే చోటి నుంచి వస్తుంది. రెండు రంధ్రాల మధ్య అడ్డుగోడలా నిలిచిన భాగానికి ముందువైపు, చిటికెనవేలికి సులువుగా అందే చోట, గోరంత మేర ఉంటుందది. కంటి పక్క నుంచి దిగే ధమని, ముక్కు వెనక నుంచి వచ్చే ధమని, అంగిట్లోంచి పైకెక్కే ధమని, పైపెదవి నుంచి వచ్చే ధమని తమ కొసలను అక్కడ కలిపి వల అల్లుకుంటాయి. వాటి మీద పొర చాలా పలచన. కింద గట్టి మృదులాస్థి తప్ప మెత్తని కండ లేదు. రక్తనాళం చిట్లితే ముడుచుకుని మూసుకుపోవడానికి ఆసరా తక్కువ. బొట్టు మొదలయ్యాక ధార కావడానికి అందుకే ఎంతోసేపు పట్టదు.

కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో దీనికి చెప్పే కారణం ఒక్కటే: వేడి చేసింది. మే నెలలో రామగుండం, మంచిర్యాల, జన్నారం వైపు ఎండ 45 డిగ్రీలు దాటే రోజుల్లో, బయట ఆడివచ్చిన పోరడి అంగీ మీద ఎర్రటి మరక కనబడితే ఇంకో కారణం వెతికేవారు ఉండరు. తల వెనక్కి వంచి పడుకోబెట్టడం, మాడు మీద చల్లటి నీళ్లు పోయడం, ఉల్లిగడ్డ చితగ్గొట్టి వాసన చూపించడం, తర్వాత మజ్జిగో సబ్జా నీళ్లో తాగించడం ఇంటింటికీ తెలిసిన వైద్యం. మామిడికాయలు ఎక్కువ తిన్నాడనీ, కోడికూర తిన్నాడనీ తిండి మీద కూడా నేరం మోపుతారు.

ఈ వేడి సిద్ధాంతం నిన్నమొన్న పుట్టింది కాదు. ఆయుర్వేద గ్రంథమైన చరక సంహిత చికిత్సా స్థానంలో జ్వరాధ్యాయం తర్వాత వచ్చేదే రక్తపిత్తం. తీక్ష్ణమైన, పుల్లని, ఉప్పని, కారపు తిండి వల్లా ఎండ వల్లా పిత్తం రేగి, రక్తాన్ని చెడగొట్టి, శరీర ద్వారాల గుండా బయటికి తోస్తుందని ఆ గ్రంథం చెబుతుంది. పైకి వచ్చేది ఊర్ధ్వగం, కిందికి పోయేది అధోగం. ముక్కు నెత్తురు మొదటి రకంలోకి వస్తుంది. దానికి చెప్పిన ముక్కు చుక్కల మందుల్లో గరిక రసం, దానిమ్మ పువ్వు రసం ఉన్నాయి. పల్లెల్లో ఇప్పటికీ గరిక పేరు వినబడుతుందంటే దాని మూలం అక్కడే ఉంది. రోగి బలంగా ఉంటే మొదట్లోనే రక్తాన్ని ఆపవద్దని కూడా చరకుడు హెచ్చరించాడు. చెడు రక్తం లోపలే నిలిచిపోతే వేరే రోగాలు తెస్తుందని ఆనాటి భయం.

నిజాం పాలనలో యునానీ హకీముల వైద్యానికి రాజాదరణ ఉండేది. ముక్కు రక్తానికి వాళ్ల గ్రంథాల్లో పేరు రుఆఫ్, వాడుకలో నక్సీర్. వాళ్ల లెక్కలోనూ వేడి ముఖ్యమే. తీవ్ర జ్వరంలో ముక్కు నుంచి రక్తం వస్తే ప్రకృతి తనంతట తాను రోగాన్ని బయటికి నెడుతోందని భావించేవారు. ఆయుర్వేదం, యునానీ వేర్వేరు దారుల్లో పుట్టినా ఈ విషయంలో ఒకే మాటకు వచ్చాయి. ఊళ్లోని ముసలమ్మ మాటకు రెండు వైపుల నుంచీ బలం దొరికింది. అది ఇంతకాలం నిలవడంలో వింత లేదు.

విచిత్రమేమంటే రక్తం ఆపే సరైన పద్ధతి మనుషులకు ముందే తెలుసు, రక్తం వచ్చే చోటు మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది. ముక్కు పక్క రెక్కలను నొక్కిపట్టడం మంచి ఉపాయమని చెప్పిన ఖ్యాతిని వైద్య చరిత్రలు క్రీస్తు పూర్వం 5వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు హిపోక్రటీస్‌కు ఇస్తాయి. ఆ నొక్కు ఎందుకు పనిచేస్తుందో తేలడానికి రెండు వేల ఏళ్లు పైగా పట్టింది. 1871లో కార్ల్ మిచెల్, 1879లో న్యూయార్క్ శస్త్రవైద్యుడు జేమ్స్ లారెన్స్ లిటిల్, 1884లో జర్మనీలోని ఎర్లాంగెన్‌లో పనిచేసిన విల్హెల్మ్ కీసెల్‌బాక్ విడివిడిగా అడ్డుగోడ ముందుభాగం వైపే వేలు చూపించారు. ఆ చోటును లిటిల్ ప్రాంతమనీ, అక్కడి నాళాల అల్లికను కీసెల్‌బాక్ వల అనీ వైద్య విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. మొదట రాసిన మిచెల్ పేరు మాత్రం పాఠంలో నిలవలేదు. రక్తమంతటా చెడిందన్న లెక్క పోయి, గోరంత చోట నాళం చిట్లిందన్న లెక్క అప్పుడే వచ్చింది.

అంతమాత్రాన పల్లె మాట పూర్తిగా తప్పని కొట్టెయ్యడానికి లేదు. వేసవికీ ముక్కు నెత్తురుకూ సంబంధం ఉన్నమాట నిజమే, ఆ సంబంధం ఒంట్లోని వేడితో కాదు, గాలిలోని పొడితనంతో. ముక్కు చేసే పెద్ద పని గాలిని తడిపి, ఒంటి వెచ్చదనానికి తెచ్చి ఊపిరితిత్తులకు పంపడం. పెద్దవాళ్ల విషయంలో అది రోజుకు 10,000 లీటర్ల పైచిలుకు గాలి. మే మధ్యాహ్నం ఉత్తర తెలంగాణలో గాలిలో తేమ 20 శాతానికి అటూ ఇటూ పడిపోతుంది. ఆ లోటునంతా ముక్కు లోపలి పొరే పూడ్చాలి. పూడ్చీ పూడ్చీ అది ఎండి, పగుళ్లు పట్టి, పొక్కు కడుతుంది.

దీనికి సాక్ష్యం అదే ప్రాంతపు చలికాలంలో ఉంది. భీంపూర్ మండలం అర్లి(టి) లాంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలకు దిగే డిసెంబర్, జనవరి నెలల్లో కూడా పిల్లల ముక్కుల్లోంచి రక్తం వస్తుంది. మామిడికాయలు లేవు, ఎండ లేదు, వేడి చేసే దారే లేదు. చల్లగాలి పట్టుకోగల తేమే తక్కువ. లోపలికి వెళ్లి వెచ్చబడగానే అది మళ్లీ ఆ పొర నుంచే నీటిని గుంజుకుంటుంది. పైగా చలికాలం జలుబుల కాలం. జలుబుతో పొర ఉబ్బి నాళాలు నిండుగా ఉంటాయి, పదే పదే చీదడం వల్ల ఒత్తిడి పడుతుంది. నడినెత్తి ఎండకూ, ఎముకలు కొరికే చలికీ ఉన్న ఉమ్మడి గుణం పొడితనమే.

పొక్కు కట్టాక మిగతా పని వేలు చేస్తుంది. పిల్లల్లో అతి మామూలు కారణం ముక్కులో వేలు పెట్టుకోవడమే. పొక్కు దురద పెడుతుంది, గోరు దాన్ని లేపుతుంది, కింద ఇంకా మానని నాళం తెరుచుకుంటుంది. రక్తం గడ్డకట్టి మళ్లీ పొక్కవుతుంది, అది మళ్లీ దురద. వారం పది రోజులు రోజూ అదే వేళకు, అదే వైపు నుంచి రక్తం వచ్చే పిల్లల్లో చాలామంది కథ ఇదే. పగలు వేలు పెట్టనివాడు నిద్రలో పెడతాడు, దిండు మీద మరక చూసి ఇంటివాళ్లు హడలిపోతారు. ముక్కు ద్వారం దగ్గర సూక్ష్మజీవులు చేరి చిన్న పుండు పడితే ఈ చక్రం ఇంకా సాగుతుంది. రాత్రి పడుకునే ముందు కాస్త వాజిలిన్ రాయడం, గోళ్లు కత్తిరించడం చాలామందికి సరిపోయే మందు.

దుమ్ము పనులు ఈ పొడితనానికి తోడవుతాయి. కరీంనగర్ చుట్టుపక్కల గ్రానైట్ క్వారీలు, గోదావరిఖని, బెల్లంపల్లి బొగ్గు గనులు, సిరిసిల్ల మగ్గాల షెడ్లు, జగిత్యాల, నిర్మల్ వైపు తంబాకు పొడి మధ్య సాగే బీడీల పని, అన్నీ ఎండిన పొరను గీరే దుమ్మునిచ్చేవే. పాతతరం ముక్కుపొడి అలవాటుదీ అదే దారి.

వానాకాలంలో సంగతి వేరు. గాలిలో తేమ నిండుగా ఉన్న ఆగస్టు, సెప్టెంబర్‌లలో జ్వరంతో పాటు ముక్కు నుంచి రక్తం వస్తే డెంగీ గుర్తుకు రావాలి. ఇక్కడ లోపం ముక్కుది కాదు. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు పడిపోవడం వల్ల ఎక్కడ పలచన ఉంటే అక్కడ కారుతుంది. ఆదిలాబాద్ ఏజెన్సీలో ఏటా వచ్చే మలేరియాలోనూ ప్లేట్‌లెట్లు తగ్గుతాయి. అలాంటి జ్వరానికి ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకుంటే రక్తస్రావం ముదురుతుంది.

పెద్దవయసులో కారణాలు మారతాయి. గుండెజబ్బుకు వాడే ఆస్పిరిన్, రక్తం పలచబరిచే మందులు, కాలేయ జబ్బు, మద్యం ముందుంటాయి. బీపీ వల్లే ముక్కు పగిలిందన్న మాట ఊళ్లలో ఉంది గానీ, బీపీ ఒక్కటే నాళాన్ని పగలగొడుతుందని గట్టిగా రుజువు కాలేదు. మొదలైన రక్తాన్ని ఆగనివ్వకపోవడంలో దాని చెయ్యి ఉంటుంది. రక్తం చూసిన కంగారుకే బీపీ పెరుగుతుందన్నదీ మరిచిపోకూడదు. ముసలివాళ్లలో కొందరికి ముక్కు వెనక భాగం నుంచి రక్తం వస్తుంది. అది ముందుకు కారకుండా గొంతులోకి దిగుతుంది కాబట్టి ప్రమాదం ఎక్కువ.

సినిమాల్లో హీరోయిన్ ముక్కు నుంచి ఒక్క బొట్టు పడితే బ్లడ్ క్యాన్సరే. నిజ జీవితంలో అది చాలా అరుదు, దానికి ముందు ఒంటి మీద కమిలిన మచ్చలు, చిగుళ్ల రక్తం, వదలని నీరసం సాధారణంగా తోడుంటాయి. ఎక్కువగా అనుమానించాల్సింది ఒకే వైపు నుంచి మళ్లీమళ్లీ వచ్చే రక్తాన్ని. యుక్తవయసు మగపిల్లల్లో ముక్కు మూసుకుపోయి ధారగా రక్తం వస్తే నాళాలతో నిండిన ఒక రకం గడ్డ ఉండవచ్చు. చెరువులు, కుంటల్లో స్నానం చేసేవారిలో రైనోస్పోరిడియోసిస్ అనే జబ్బు వస్తుంది. ఎర్రగా, తెల్లటి చుక్కలతో, తాకితే చాలు రక్తం కార్చే కండ పెరుగుతుంది. 1900లో అర్జెంటీనాలో గిలెర్మో సీబర్ దీన్ని మొదట వర్ణించినా, ప్రపంచంలో ఎక్కువ కేసులు భారతదేశం, శ్రీలంకలవే.

రక్తం ఆపే తీరుకు వస్తే, తల వెనక్కి వంచడమే ఇంటి వైద్యంలో అసలు పొరపాటు. అలా వంచితే రక్తం ఆగినట్టు కనబడుతుంది, నిజానికి గొంతులోకి పోతుంది. కడుపులో చేరిన రక్తం కాసేపటికి వాంతిగా వచ్చి ఇంకా భయపెడుతుంది. కూర్చుని, తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తటి భాగాన్ని రెండు వేళ్లతో గట్టిగా పట్టి, మధ్యలో వదలకుండా 10 నుంచి 15 నిమిషాలు నోటితో గాలి పీల్చాలి. పైన ఎముక దగ్గర నొక్కితే లాభం లేదు. నోట్లోకి వచ్చింది ఉమ్మెయ్యాలి. ఉల్లిగడ్డకు, మాడు మీది నీళ్లకు పేరు రావడానికి కారణం, ముందువైపు రక్తం చాలాసార్లు దానంతటదే కొద్ది నిమిషాల్లో ఆగిపోవడం. ఆ సమయానికి చేతిలో ఏ మందు ఉంటే ఘనత దానిది. వాసన చూపితే నష్టం లేదు గానీ, ఎర్రబడ్డ పొర మీద ఉల్లి రసం పిండితే మంట తప్పదు.

నొక్కినా ఆగనప్పుడు వైద్యుడు చేసే పనులకూ వాటి చరిత్ర ఉంది. చిట్లిన చోట సిల్వర్ నైట్రేట్ పుల్లతో కాల్చితే అక్కడ తెల్లబారి మూసుకుంటుంది. ఒకేసారి గోడకు రెండు వైపులా కాల్చరు, మధ్యలో చిల్లి పడే ప్రమాదం ఉంది. అదీ ఆగకపోతే గాజుగుడ్డ కూరడం, వెనక నుంచి వస్తుంటే బెలూన్ ఉన్న గొట్టం పెట్టడం. 1928లో సీఫర్ట్, 1937లో గుడ్‌ఇయర్ అనే వైద్యులు ధమనులనే కట్టివేసే శస్త్రచికిత్సలు చేశారు. 1974లో సొకొలాఫ్ రక్తనాళంలోంచే గొట్టం పంపి దాన్ని మూసే పద్ధతి చూపించాడు. 1990ల నుంచి ఎండోస్కోప్‌తో ముక్కులోపలే ధమని మొదలును చూసి క్లిప్ వేయడం వాడుకలోకి వచ్చింది.

ఉత్తర తెలంగాణ రోగికి దూరం కూడా జబ్బులో భాగంగా ఉండేది. గాజుగుడ్డ కూరి, హైదరాబాద్ కోఠిలోని ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపితే ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్ల ప్రయాణం. ఆదిలాబాద్‌లో రిమ్స్ మెడికల్ కాలేజీ 2008లో వచ్చింది. 2022లో మంచిర్యాల, జగిత్యాల, రామగుండంలో, 2023లో కరీంనగర్, సిరిసిల్ల, నిర్మల్, ఆసిఫాబాద్‌లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు తెరిచారు. వాటి బోధనలో చెవి, ముక్కు, గొంతు విభాగం తప్పనిసరి.