సర్పి మానిన తరువాతి నొప్పి: చికిత్సా చరిత్రపై ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

తెలుగువారు ‘సర్పి’ అనే వ్యాధిని ఆధునిక వైద్యం ‘హెర్పిస్ జోస్టర్’ అంటుంది. ఈ రెండు పేర్ల వెనుక ఉన్న ఊహ ఒక్కటే. పాకడం అనే అర్థం గల గ్రీకు ‘హెర్పైన్’, సంస్కృత ‘సృప్’ ధాతువు ఒకే మూలం నుండి వచ్చిన సజాతీయ పదాలు. ‘జోస్టర్’ అంటే నడికట్టు, మన మాటలో వడ్డాణం. దేహంలో ఒక పక్కన మాత్రమే పట్టీలాగా పొక్కులు పాకే తీరును చూసి పూర్వులు పెట్టిన పేర్లివి. అయితే ఇవి చర్మం మీద కనిపించేదానినే చెబుతాయి. పొక్కులు ఎండి, పక్కులు రాలిన తరువాత కూడా ఆ పట్టీ వెంబడి నెలల తరబడి, కొందరిలో ఏళ్ల తరబడి మంట, పోటు మిగిలిపోతాయి. చొక్కా రాసుకున్నా భరించలేని ఆ బాధకు ఈ పేర్లలో చోటు లేదు. దానిని ‘పోస్ట్ హెర్పెటిక్ న్యూరాల్జియా’ అని వేరుగా పిలవవలసి వచ్చింది. కంటికి ఆనని ఈ నొప్పిని వైద్యులు ఎక్కడ వెతికారు, ఆ వెతుకులాట రోగుల చికిత్సను ఎటు నడిపింది అన్నది ఈ వ్యాసంలో పరిశీలించిన విషయం.

2. నాడిని కోసిన కాలం

పొక్కుల పట్టీ ఒక నాడి మార్గాన్ని అనుసరిస్తోందని 1831లోనే రిచర్డ్ బ్రైట్ సూచించాడు. 1860ల ఆరంభంలో బెర్లిన్ వైద్యుడు బేరెన్‌స్ప్రుంగ్ శవపరీక్షలో వెన్నుపాము పక్కనున్న నాడీముడిలో వాపును గుర్తించాడు. 1900లో హెన్రీ హెడ్, క్యాంప్‌బెల్ 21 శవపరీక్షల ఆధారంగా ఈ సంబంధాన్ని స్థిరపరిచారు. ఏ నాడీమూలం చర్మంలో ఏ భాగానికి చెందుతుందో చూపే పటాలు కూడా ఆ పరిశోధన ఫలమే.

వ్యాధి స్థానం తెలిసిన తరువాత చికిత్స కూడా తెలిసినట్లే తోచింది. నొప్పి నాడి ద్వారా వస్తున్నట్లయితే ఆ నాడిని తెంచితే సరిపోవాలి. ఇరవయ్యో శతాబ్దపు శస్త్రవైద్యులు చర్మనాడులను కోశారు, నాడీమూలాలను కోశారు, వెన్నుపాములోని నొప్పి మార్గాన్ని సైతం ఛేదించారు. బాధించే చర్మాన్నే తొలగించి వేరే చర్మం అతికిన సందర్భాలూ ఉన్నాయి. ఉపశమనం లభించినా అది తరచుగా కొద్దికాలమే నిలిచింది. స్పర్శ పూర్తిగా పోయిన చోట కూడా నొప్పి తిరిగి వచ్చేది.

ఈ వైఫల్యాన్ని తీవ్రంగా పట్టించుకున్నవాడు డచ్ నాడీ శస్త్రవైద్యుడు విలెం నూర్డెన్‌బోస్. సర్పి అనంతరం బాధపడే రోగుల నాడులను పరిశీలించినప్పుడు వాటిలో లావు తంతువులు ఎక్కువగా నశించి, సన్ననివి మిగిలినట్లు ఆయనకు కనిపించింది. సన్నని తంతువులు మోసుకొచ్చే సంకేతాలను లావు తంతువులు మామూలుగా అదుపులో ఉంచుతాయనీ, ఆ అదుపు పోవడమే ఈ నొప్పికి కారణమనీ 1959లో తన గ్రంథంలో ప్రతిపాదించాడు. ఈ దృష్టితో చూస్తే నాడిని కోయడం అంటే మిగిలిన అదుపును కూడా తీసివేయడమే. 1965లో మెల్జాక్, వాల్ ప్రకటించిన ‘గేట్ కంట్రోల్’ సిద్ధాంతానికి ఇది ముఖ్యమైన పూర్వరంగం. పాఠ్యగ్రంథాలు ఆ ఇద్దరి పేర్లతోనే ఆగిపోవడం నూర్డెన్‌బోస్‌కే కాదు, ఆయన పరిశీలించిన రోగులకు కూడా అన్యాయమే.

3. 1965, ఆ తరువాత

అదే 1965లో మరి రెండు పరిణామాలు జరిగాయి. ఇంగ్లండులోని సైరెన్‌సెస్టర్‌లో సాధారణ వైద్యుడైన హోప్-సింప్సన్, తన రోగులలోనే 16 ఏళ్లపాటు నమోదు చేసిన 192 సర్పి కేసుల ఆధారంగా ఒక ప్రతిపాదన చేశాడు. చిన్నప్పుడు ఆటలమ్మ తెచ్చిన వైరస్ నాడీముడులలో నిద్రాణంగా ఉండి, రోగనిరోధకశక్తి సన్నగిల్లినప్పుడు సర్పిగా మేల్కొంటుందన్నది దాని సారాంశం. పెద్ద ప్రయోగశాల ఏదీ లేకుండా, ఓపికగా రాసుకున్న రికార్డులతో సాధించిన ఫలితమిది.

రెండవది ఆస్ట్రేలియా నుండి వచ్చింది. మానసిక కుంగుబాటుకు వాడే అమిట్రిప్టిలిన్ ఈ నొప్పిని తగ్గిస్తోందని అక్కడి వైద్యులు ప్రకటించారు. ఇది మేలుతో పాటు ఒక చిక్కునూ తెచ్చింది. కుంగుబాటు మందుకు తగ్గే నొప్పి కుంగుబాటు నుండే పుట్టిందేమో అన్న సందేహానికి తావిచ్చింది. చర్మం మానిపోయి, చూపడానికి ఏమీ మిగలని వృద్ధ రోగికి ఇది చిన్న విషయం కాదు. తన బాధ నిజమా కాదా అన్నదే అక్కడ ప్రశ్న.

ఈ ప్రశ్నకు జవాబిచ్చింది 1982లో టొరంటోకు చెందిన పీటర్ వాట్సన్ బృందం. 24 మంది రోగులకు అమిట్రిప్టిలిన్‌నూ, మందు లేని మాత్రనూ, ఏది ఏదో తెలియనీయకుండా మార్చి మార్చి ఇచ్చారు. 16 మందికి మంచి ఉపశమనం కలిగింది. వారిలో అధికుల విషయంలో కుంగుబాటు కొలతల్లో మార్పు లేకుండానే నొప్పి తగ్గింది. 1988లో అదే వాట్సన్ బృందం ఇటువంటి రోగి ఒకరి శవపరీక్షను ప్రచురిస్తూ, వెన్నుపాము వెనుక కొమ్ము కుంచించుకుపోయిందని చూపింది. ఇక ఈ నొప్పిని మనోభ్రమ అనడానికి ఆధారం మిగలలేదు. అయితే నోరు ఎండడం, మలబద్ధకం, తూలిపడడం వంటి దుష్ఫలితాల వల్ల ఈ మందు అధికంగా అవసరమైన వృద్ధులకే దానిని జాగ్రత్తగా ఇవ్వవలసి వస్తుంది.

తరువాతి మందులు కూడా చాలావరకు వేరే అవసరాలకు పుట్టినవే. మూర్ఛకు తయారైన గాబాపెంటిన్‌ను 229 మందిపై పరీక్షించిన ఫలితాలు 1998లో వెలువడ్డాయి; ఈ నొప్పికి అమెరికాలో అనుమతి 2002లో లభించింది. మత్తుమందు లిడోకైన్ పట్టీ, మిరప ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ పట్టీ వరుసగా 1999, 2009లలో అనుమతి పొందాయి.

అన్ని ఆశలూ నిలవలేదు. వెన్నులోకి స్టెరాయిడ్ ఎక్కిస్తే సుమారు 90 శాతం మందికి మంచి ఉపశమనం కలిగిందని 2000లో జపాన్ నుండి 277 మందిపై జరిగిన అధ్యయనం ప్రకటించింది. నెదర్లాండ్స్‌లో దానిని మళ్ళీ పరీక్షించబోతే మేలు కనిపించక ప్రయోగాన్ని మధ్యలోనే ఆపివేశారు. ఆ నివేదిక 2013లో వచ్చింది. మొదటి అధ్యయనాన్ని ఉటంకించినంత తరచుగా రెండవదాన్ని కూడా ఉటంకించడం పరిశోధకుల బాధ్యత.

4. నివారణ వైపు

హోప్-సింప్సన్ ఊహ నిజమైతే, సన్నగిల్లిన రోగనిరోధకశక్తిని టీకాతో నిలబెట్టవచ్చు. 60 ఏళ్లు, ఆపైబడిన 38,546 మందితో అమెరికాలో జరిపిన అధ్యయనం 2005లో ఈ తర్కాన్ని సమర్థించింది. సజీవ టీకా పొందినవారిలో సర్పి 51.3 శాతం, తదనంతర నొప్పి 66.5 శాతం తగ్గాయి. అంతకన్నా సమర్థమైన పునస్సంయోజిత టీకాకు 2017లో అమెరికాలో అనుమతి లభించింది; అది 2023లో భారతదేశంలోకి వచ్చింది. అయితే నొప్పి అప్పటికే పట్టుకున్నవారికి టీకా చికిత్స కాదు. వారికి ఈనాటికీ మొదటగా రాసే మాత్రలలో అమిట్రిప్టిలిన్, గాబాపెంటిన్ ఉన్నాయి.