కాజీపేట గేబ్రియల్ పాఠశాల

కాజీపేట యనగానే రైలు స్మరణకు వచ్చును. 1929లో బల్హార్షా మార్గము పూర్తియైన పిదప మద్రాసు, ఢిల్లీ, సికింద్రాబాదు దారులకు అదియే కూడలి యైనది. రైలు కొలువులకై నానాభాషలవారు వచ్చి యచట కాపురము లుండిరి.

నైజాము కాలమున ప్రభుత్వోన్నత పాఠశాలలలో బోధన యుర్దూలో జరుగుచుండెను. ఇంట తెలుగు, బడిలో నుర్దూ, రైలు కచ్చేరిలో నింగ్లీషు! తెలుగుబిడ్డ మూడు గడపలు దాటవలసి యుండెను. తెలుగుపై మక్కువగలవారికి 1904లో హనుమకొండలో వెలసిన రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వంటివే దిక్కు.

1948లో నైజాము పాలన యంతరించెను. 1952 డిసెంబరులో వరంగల్లు కతోలికులకు ప్రత్యేక మేత్రాసన మయ్యెను. మరుసటి యేట ఇటలీదేశీయుడగు ఆల్ఫోన్సో బెరెట్టా తొలి పీఠాధిపతి యయ్యెను. 1955లో మోంట్‌ఫోర్టు సోదరులు ఫాతిమానగరమున సెయింట్ గేబ్రియల్ పాఠశాలను నెలకొల్పిరి. ఈ ఫాతిమా పేరు మహమ్మదీయులదని కొందఱు భ్రమింతురు. అది పోర్చుగలులో 1917లో మరియమాత దర్శనమిచ్చెనని కతోలికులు నమ్ము గ్రామము పేరు.

ఈ సోదరుల సంఘము ఫ్రాన్సులో పుట్టి 1903లో పుదుచ్చేరి చేరినది. సన్న్యాసులవలె బ్రహ్మచర్యము పూని, బోధనయే వ్రతముగా గొన్నవారు. గురుకుల సంప్రదాయమున చదివిన నాకు వారిపై గౌరవము మెండు. కతోలికులు కొలదిమందియే యైనను అన్ని మతముల బాలురును అచట చదివిరి.

నేడచట బోధన యాంగ్లమున. ఉర్దూ గడప పోయి యాంగ్లపు గడప నిలిచినది; తెలుగు పండితుడనగు నాకది కొఱతగనే తోచును. ఇంజను బొగ్గుమసి కడుగుకొని జీతము కట్టిన తండ్రులు మాత్రము ఆ గడపకే బిడ్డలను పంపిరి.