జవాబు చెప్పినవాళ్లే ప్రశ్న అడిగితే

కామారెడ్డి మీదుగా వచ్చే 44వ నంబరు జాతీయ రహదారి సికింద్రాబాద్‌కు చేరేది బోయిన్‌పల్లి వైపు నుంచే. అక్కడి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి మేధో వైకల్యం మీద జాతీయ సంస్థ పనిచేస్తోంది.

1992లో ఆ సంస్థకు చెందిన రీటా పెషావరియా, ఎస్. వెంకటేశన్ మన దేశంలో మేధో వైకల్యం ఉన్న పిల్లల కోసం 'బేసిక్-ఎంఆర్' కొలమానం తయారుచేశారు. తినడం, బట్టలు వేసుకోవడం, డబ్బు లెక్కపెట్టడం వంటి నైపుణ్యాలను 280 అంశాలుగా విడదీశారు. సమస్యాత్మక ప్రవర్తనలకు మరో 75 అంశాలు. బిడ్డకు తర్వాత ఏం నేర్పాలో తేల్చుకోవడానికి టీచర్లకు అది ఎంతో అక్కరకొచ్చింది. అయినా గమనించేది టీచరు, వివరం చెప్పేది తల్లి, మార్కులు వేసేది నిపుణులు. బిడ్డ మాత్రం కొలతకు నిలబడాలి.

ఈ వరస మారిన చోటు ఒకటుంది. ఇంగ్లండ్‌లో మేధో వైకల్యం ఉన్న మేబెల్ కూపర్ చిన్నతనం నుంచి సంస్థల్లోనే పెరిగింది. కేటర్‌హామ్‌లోని సెయింట్ లారెన్స్ ఆసుపత్రిలో ఏళ్ల తరబడి ఉంది. ఆమెకు చదవడం వచ్చేది కాదు. ఓపెన్ యూనివర్సిటీకి చెందిన డొరతీ అట్కిన్‌సన్‌కు తన జీవితం నోటితో చెప్పింది. ఆ కథ 1997లో అచ్చయింది. తన గురించి వెనకటి డాక్టర్లు రాసిన పాత రికార్డులను కూడా మేబెల్ వెదికి తెలుసుకుంది. రికార్డులో ఉన్న మనిషే ఆ రికార్డును ప్రశ్నించింది! మేధో వైకల్యం ఉన్నవాళ్లు పరిశోధనలో భాగస్వాములు కాగలరనడానికి ఇంతకంటే గట్టి సాక్ష్యం అక్కర్లేదు.

మన దగ్గర 2016 డిసెంబరులో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. దాని 6వ సెక్షన్ ప్రకారం, వికలాంగుల మీద పరిశోధన చేయాలంటే వాళ్లకు అర్థమయ్యే పద్ధతిలో చెప్పి, వాళ్ల ఇష్టపూర్వక సమ్మతి తీసుకోవాలి. ముందుగా ఒక కమిటీ అనుమతీ ఉండాలి. ఆ కమిటీలో కనీసం సగం మంది వికలాంగులో, నమోదైన సంస్థల సభ్యులో కావాలి.

మంచి నియమమే. కానీ నమోదైన సంస్థల్లో తల్లిదండ్రుల సంఘాలూ వస్తాయి. అంటే మేధో వైకల్యం ఉన్న మనిషి ఒక్కరు కూడా లేకుండానే ఆ సగం నిండిపోవచ్చు. తల్లిదండ్రుల కష్టం చిన్నది కాదు, వాళ్ల మాట వినాల్సిందే. బిడ్డ మాట మాత్రం వేరు.

ఆ మాట వినడానికి కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో వైకల్యం ఉన్న పిల్లలకు చదువు చెప్పే భవిత కేంద్రాలకు వెళ్లి పెరిగిన యువతను ముందు కూర్చోబెట్టి, దేని గురించి తెలుసుకోవాలో వాళ్లనే అడగొచ్చు. బస్సులో కండక్టరు ఎలా మాట్లాడతాడు, పింఛను డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది, పనికి వెళ్తే కూలి సమానంగా ఇస్తున్నారా అన్నవి వాళ్ల రోజువారీ సంగతులు. ప్రశ్నలు చిన్న వాక్యాల్లో, బొమ్మలతో ఉండాలి. సమయం ఎక్కువ ఇవ్వాలి. చేసిన పనికి డబ్బు చెల్లించాలి. నివేదిక మీద వాళ్ల పేర్లూ వేయాలి.