మన్యం జ్వరం – మన రక్తం

సికింద్రాబాద్ మారేడ్‌పల్లి నుంచి కొద్ది కిలోమీటర్లు వెళితే బేగంపేటలో ఒక పాత భవనం ఉంది. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు అక్కడ దోమ పొట్ట గోడలో మలేరియా పరాన్నజీవిని చూశాడు. ఈ సంగతి మన పిల్లలు పాఠంలో చదువుతారు. ఆ దోమకూ ఆదివాసీల రక్తానికీ ఉన్న సంబంధం మాత్రం ఆ పాఠంలో ఉండదు.

రాస్ అంతకుముందు రెండేళ్లు దోమలు కోసి చూశాడు. ఫలితం రాలేదు. ఆయనకు ఎక్కువగా దొరికినవి క్యూలెక్స్, ఏడిస్ దోమలు. మనుషుల మలేరియాను మోసేది అనాఫిలిస్ ఆడదోమ ఒక్కటే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. ఎక్కువగా రాత్రిపూట కుడుతుంది. గోడమీద వాలితే వెనకభాగం పైకెత్తి ఏటవాలుగా నిలుస్తుంది. ఆ ఆగస్టులో మచ్చల రెక్కల దోమలు దొరికాకే రాస్ పని ఫలించింది. ఆ దోమలచేత కుట్టించుకున్న రోగి హుసేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున అతనికి ముట్టింది. రాస్‌కు 1902లో నోబెల్ బహుమతి వచ్చింది.

మైదానం నుంచి వచ్చే అధికారులకు మన్యం జ్వరమంటే హడలు. 1879లో రంప తిరుగుబాటును అణచడానికి వచ్చిన సైనికులను కూడా ఆ జ్వరం పీడించింది. అయితే జ్వరం మన పూర్వీకులను వదిలిపెట్టిందని కాదు. వాళ్ల పసిబిడ్డలను తరతరాలుగా బలి తీసుకుంది. ఆ చావుల గుర్తు మన జన్యువుల్లో మిగిలింది. దాన్నే ఈరోజు సికిల్ సెల్ అంటున్నాం.

హిమోగ్లోబిన్‌లోని ఒక గొలుసులో 146 అమైనో ఆమ్లాలుంటాయి. ఆరో స్థానంలో ఒక్కటి మారితే ఎర్ర రక్తకణం కొడవలిలా వంగుతుంది. ఈ మార్పును 1957లో వెర్నన్ ఇంగ్రామ్ తేల్చాడు. తల్లి నుంచీ తండ్రి నుంచీ మారిన జన్యువే వస్తే జబ్బు. ఒకరి నుంచే వస్తే ఆ మనిషి వాహకుడు. అతను మామూలుగానే బతుకుతాడు. పైగా ప్రాణం తీసే మలేరియా నుంచి అతనికి కొంత రక్షణ ఉంటుందని 1954లో ఆంథొనీ ఆలిసన్ ఆఫ్రికాలో చూపించాడు. మలేరియా ఉన్నచోట వాహకుల పిల్లలు ఎక్కువగా బతికారు. అందుకే ఆ జన్యువు నిలిచిపోయింది.

మన దేశంలో 1952లో నీలగిరి ఆదివాసుల్లో దీన్ని గుర్తించారు. మన దగ్గర ఆదిలాబాద్ గోండుల్లోనూ ఉంది. ఆఫ్రికాలో, అరబ్ దేశాల్లో, ఆదివాసేతరుల్లో కూడా ఉంది. కాబట్టి ఇది ఒక జాతికి అంటిన మచ్చ కాదు, జ్వరం ఉన్న నేలల చరిత్ర.

లెక్క మాత్రం మనం సరిగ్గా తెలుసుకోవాలి. వాహకులిద్దరు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మొదటి బిడ్డకు వచ్చింది గనుక మిగతా ముగ్గురికి రాదనుకోవడం పొరపాటు. జబ్బు ఉన్న బిడ్డకు కీళ్లనొప్పులు, రక్తహీనత, తరచూ జ్వరాలు వస్తాయి. అలాంటి బిడ్డకు మలేరియా సోకితే మరింత ప్రమాదం. గాలి సోకిందనో, దేవర కోపమనో కాలం గడిపితే బిడ్డ దక్కకపోవచ్చు. తల్లిని నిందించడం అన్యాయం. జన్యువు ఇద్దరి నుంచీ వస్తుంది.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. ముందు చుక్క రక్తంతో పరీక్ష చేస్తారు. అందులో తేలితే మరో పరీక్షతో నిర్ధారిస్తారు. హైడ్రాక్సీయూరియా మందుతో చాలామందికి నొప్పులు తగ్గుతాయి. యువతీయువకులు పెళ్లికి ముందే పరీక్ష చేయించుకోవాలి. వాహకులని తేలినవాళ్లను వెలివేసినట్టు చూడకూడదు. ఆశ్రమ పాఠశాలల ఉపాధ్యాయులకు మా మనవి ఒకటే. మెండెల్ బఠానీల పాఠం చెప్పే రోజున ఈ లెక్క కూడా నల్లబల్లపై వేసి చూపండి. తరచూ కీళ్లు నొప్పి అనే పిల్లవాణ్ణి సోమరి అనకుండా ఆసుపత్రికి పంపండి.