వార్ధకమునకు చేయూత: జపాను దేశపు కథ



పండుటాకులకు పరిచర్య చేయువారెవ్వరను ప్రశ్న ప్రతి యింటను గలదు. ఒక దేశము యావత్తును దీనిని ఎట్లెదుర్కొనెనో తెలియగోరువారికి జపాను చరిత్ర మిక్కిలి ఉపయుక్తము.

పూర్వమచ్చట ముసలివారి సేవ కోడలి పాలు. జ్యేష్ఠపుత్రుని భార్య అత్తమామలను కడవఱకు కనిపెట్టియుండుట ఆచారము. రెండవ ప్రపంచయుద్ధానంతరము పరిశ్రమలు పెరిగి యువజనులు పట్టణములు చేరిరి. ఆయుర్దాయము హెచ్చెను, సంతానము తగ్గెను. 1970లో నూటికి 7గురుగా నుండిన 65 ఏండ్లు దాటినవారు 1994 నాటికి 14గురైరి.

1963లో వృద్ధసంక్షేమ శాసనము పుట్టి, మంచము దిగలేనివారికి ప్రత్యేక గృహము లేర్పడెను. 1972లో అరియోషి సవాకో అను రచయిత్రి, మతిచెడిన మామగారికి సేవచేయు కోడలి కథను నవలగా వెలువరింపగా లక్షలాది ప్రతులు చెల్లెను. మఱుసటి యేడు 70 ఏండ్లు నిండినవారికి వైద్యము ఉచితమయ్యెను. అంతట రోగము కుదిరినను ఇంట చూచువారు లేక, పెక్కుమంది వృద్ధులు ఆస్పత్రులలోనే ఏండ్లతరబడి ఉండిపోయిరి. మందునకు లోటు లేదు; మనిషికే లోటు. 1983లో ఆ యుచితపద్ధతి ముగిసెను.

1989లో ఇంటికేగి సేవచేయువారి సంఖ్యను పదియేండ్లలో లక్షకు పెంచ సంకల్పించిరి. 1997లో శాసనమై, 2000 ఏప్రిలున సేవా బీమా అమలునకు వచ్చెను. 40 ఏండ్లు నిండినవారు చందా చెల్లింతురు. వ్యయములో సగము చందాల వలన, సగము పన్నుల వలన సమకూరును. అశక్తుడు యాచింపక, హక్కుగా సేవ పొందును.

అయితే శాసనము హక్కునీయగలదు గాని చేతులనీయజాలదు. పరిచారకుల జీతము, సేవకు ప్రభుత్వము కట్టు వెలను బట్టి యుండును. వెల పెంచిన చందా పెరిగి వృద్ధులకే భారమగును; పెంచకున్న పనివారు ఇతర వృత్తులకు పోవుదురు. ఈ చిక్కునడుమ 2008లో ఇండోనేషియా నుండియు, 2009లో ఫిలిప్పీన్సు నుండియు, 2014లో వియత్నాము నుండియు పరిచారకులను రప్పింప మొదలిడిరి. జపాను భాషయందు జరుగు పరీక్ష వారికి గండమయ్యెను. 2019లో నియమములు సడలించి మఱికొందఱికి అనుమతి నొసగిరి. అయినను 2024లో ప్రభుత్వము వేసిన లెక్క ప్రకారము, 2040 నాటికి కావలసినవారు 27 లక్షల 20 వేలు; 2022లో నుండినవారు 21 లక్షల 50 వేలు మాత్రమే.

కోడలి ధర్మమని తరతరములు వెలలేక చేయించుకొనిన పనికి, తుదకు వెల కట్టవలసినపుడు ఆ దేశము సంకోచించెనని తోచుచున్నది. మన యూళ్లనుండియు యువకులు దూరదేశములకు పోవుచున్నారు. మన యిండ్లలో ఆ భారమెవరి భుజములపై నిలిచియున్నదో, వారికి మనము చేయు న్యాయమేమో, పెద్దలు ఇప్పుడే విచారింపవలెను.